పగలు కొలువు.. రాత్రి కారాగారం

శిక్ష అనుభవిస్తూనే ఉపాధి నిలుపుకొనే విధానం ఎలా నడుస్తుంది? మన చట్టాల్లో దానికి చోటుందా?

మద్యం తాగి వాహనం నడిపిన కేసులో ఒక ఆటో డ్రైవరుకు న్యాయస్థానం పది రోజుల జైలు శిక్ష విధించిందనుకుందాం. పదకొండో రోజు ఆయన జైలు గేటు దాటి బయటకు వస్తాడు. చట్టం దృష్టిలో లెక్క తీరిపోయింది. కానీ ఈలోగా ఆటో యజమాని బండిని మరొకరికి కిరాయికి ఇచ్చి ఉంటాడు. సొంత బండే అయితే ఫైనాన్సు వాయిదా తప్పి ఉంటుంది. పిల్లల బడి ఫీజు, ఇంటి అద్దె, కిరాణా కొట్టులో బాకీ ఏదీ ఆయన విడుదల కోసం ఆగవు. తీర్పులో ఎక్కడా రాయని ఈ రెండో శిక్ష మొదటి దానికన్నా ఎక్కువ కాలం కొనసాగుతుంది. పైగా దాన్ని అనుభవించేది నేరం చేసిన వ్యక్తి ఒక్కడే కాదు, ఇంటిల్లిపాదీ.

నెల జీతగాళ్ల పరిస్థితీ ఇంతే. ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలకు మించి నిర్బంధంలో ఉంటే సస్పెండైనట్లే పరిగణించాలని సర్వీసు నిబంధనలు చెబుతున్నాయి. నేరం రుజువై శిక్ష పడితే శాఖాపరమైన విచారణ లేకుండానే తొలగించే వీలును రాజ్యాంగంలోని 311వ అధికరణం కల్పించింది. ప్రైవేటు కొలువుల్లో ఇన్ని నిబంధనలు కూడా అక్కర్లేదు. వారం రోజులు డ్యూటీకి రాకపోతే ఆ స్థానంలో మరొకరు చేరిపోతారు.

శిక్ష అమలు కావాలి, ఉపాధి మాత్రం పోకూడదు. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేందుకు అమెరికా వంటి దేశాల్లో చేసిన ఏర్పాటే ‘వర్క్ రిలీజ్’. ఖైదీ పగలు తన ఉద్యోగానికి వెళ్లి, పని ముగియగానే తిరిగి జైలుకు చేరుకుంటాడు. మన దేశంలో ఆ పేరుతో చట్టమేదీ లేకపోయినా దానికి దగ్గరగా ఉండే ఏర్పాటు ఒకటి రాజస్థాన్‌లో ఆరు దశాబ్దాలుగా నడుస్తోంది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఆరుబయలు జైళ్లున్నాయి గానీ వాటి తరహా వేరు. ఆ తేడా అర్థం కావాలంటే ఈ విధానం పుట్టిన చోటి నుంచే మొదలుపెట్టాలి.

విస్కాన్సిన్‌లో మొదలు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో హెన్రీ హ్యూబర్ అనే సెనేటర్ ప్రతిపాదించిన బిల్లు 1913లో చట్టమైంది. కుటుంబాన్ని పోషించే వ్యక్తిని జైలులో ఊరికే కూర్చోబెట్టి, ఆయన భార్యాబిడ్డలను ప్రజాధనంతో పోషించడం సబబేనా అన్నదే దాని వెనుక ఉన్న ప్రశ్న. ఖైదీ మీద జాలి కన్నా ఖజానా మీద బెంగే ఇందులో ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే కాబోలు, ఆ చట్టం వందేళ్లు దాటినా నిలిచింది. విస్కాన్సిన్ వాసులు నేటికీ ఈ సదుపాయాన్ని ‘హ్యూబర్’ అనే పిలుస్తారు.

అక్కడ కౌంటీ అంటే మన జిల్లా వంటిది. ఏడాది వరకు శిక్ష పడినవారు సాధారణంగా కౌంటీ జైలులోనే ఉంటారు. అంతకు మించి పడితే రాష్ట్ర కారాగారానికి పంపుతారు. హ్యూబర్ చట్టం వర్తించేది కౌంటీ జైలులోని వారికి, అంటే చిన్న శిక్షల వారికి. జైలు నిర్వహణ షెరీఫ్ చేతిలో ఉంటుంది.

ఉద్యోగం ఉన్న వ్యక్తి తన పని వేళలు, పని స్థలం వివరాలను జైలుకు అందజేయాలి. యజమాని వాటిని ధ్రువీకరించాలి. షిఫ్టు సమయానికి రాకపోకల సమయం కలిపి ఎన్ని గంటలు బయట ఉండవచ్చో లెక్కగట్టి అనుమతిస్తారు. ఉద్యోగం చేయడానికే కాదు, వెతుక్కోవడానికీ, సొంత వ్యాపారం చూసుకోవడానికీ, చదువుకోవడానికీ, వైద్యానికీ, ఇంట్లో పిల్లల ఆలనాపాలనకూ వెళ్లే వీలుంది. దారిలో బంధువుల ఇంటికో, బారుకో వెళ్లడం కుదరదు. తిరిగి రాగానే తనిఖీ ఉంటుంది. బయటి నుంచి మత్తుపదార్థాలు లోపలికి చేరకుండా ఇలాంటి ఖైదీలను మిగతావారికి దూరంగా, విడిగా ఉంచడం పరిపాటి. క్రమశిక్షణ తప్పితే షెరీఫ్ ఐదు రోజుల వరకు బయటకు పంపకుండా ఆపవచ్చు. తప్పు పెద్దదైతే కోర్టు ఆ సదుపాయాన్నే రద్దు చేస్తుంది. అసలు తిరిగి రాకపోతే జైలు నుంచి పారిపోయినట్లే, అది మరో నేరం.

ఇక జీతం సంగతి. చట్టం ఇక్కడ వరుసక్రమం కూడా నిర్దేశించింది. ఖైదీ సంపాదనలోంచి మొదట జైలులో ఆయన తిండి, బస ఖర్చు మినహాయిస్తారు. తర్వాత పనికి వెళ్లివచ్చే దారి ఖర్చులు. ఆపైన ఆయనపై ఆధారపడిన వారి పోషణ. అనంతరం కోర్టు తీర్పుల వల్లనో, ఆయనే రాతపూర్వకంగా ఒప్పుకోవడం వల్లనో ఏర్పడిన బాకీలు. ఏమైనా మిగిలితే విడుదలైన రోజున చేతికిస్తారు. కుటుంబ పోషణ కోసం పుట్టిన చట్టంలో జైలు భోజనం బిల్లు మొదటి స్థానంలో, కుటుంబం మూడో స్థానంలో ఉండటం గమనార్హం.

విస్కాన్సిన్ దారిలో మిగతా రాష్ట్రాలు వెంటనే నడవలేదు. 1957లో నార్త్ కరోలినా ఇలాంటి చట్టం తెచ్చాకనే ఊపు వచ్చింది. 1965లో కేంద్ర కారాగారాల ఖైదీలకూ దీన్ని వర్తింపజేస్తూ అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. అయితే పెద్ద శిక్షల వారి విషయంలో పద్ధతి మారుతుంది. శిక్షాకాలం చివరి నెలల్లో, విడుదలకు ముందు బయటి ప్రపంచానికి అలవాటు చేసేందుకు పంపుతారు. అప్పటికి పాత ఉద్యోగం ఎటూ పోయి ఉంటుంది. అక్కడ ఉద్దేశం కొత్తది సంపాదించుకోవడం. చిన్న శిక్షల వారికి మాత్రం ఉన్నదాన్ని నిలుపుకోవడమే ముఖ్యం. పేరు ఒకటే అయినా ఇవి రెండూ ఒకటి కావు.

ఫలితాలు.. పరిమితులు

పగలంతా ఖైదీలను బయట వదిలితే నేరాలు పెరగవా? సామాన్యుడికి మొదట వచ్చే సందేహం ఇదే. వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ విధానంపై జోన్ పీటర్సీలియా, సుసాన్ టర్నర్ అనే పరిశోధకులు జరిపిన అధ్యయనం 1996లో వెలువడింది. పని కోసం బయటకు వెళ్లిన కాలంలో కొత్త నేరం చేసినవారు ఐదు శాతం లోపేనని, అవి కూడా దాదాపుగా చిన్నపాటి ఆస్తి నేరాలేనని అందులో తేలింది. అలాగని అంతా సజావుగా సాగిందని కాదు. నిబంధనలు ఉల్లంఘించి, దాదాపు నాలుగో వంతు మంది తిరిగి పూర్తిస్థాయి జైలుకు వెళ్లారు. విడుదలైన ఏడాదిలోపు మళ్లీ అరెస్టయినవారు వర్క్ రిలీజ్ పొందినవారిలో 22 శాతం, పొందనివారిలో 30 శాతం. ఈ తేడా గణాంకశాస్త్రం ప్రకారం గట్టిగా నిలబడేది కాదని పరిశోధకులే పేర్కొన్నారు. ప్రభుత్వానికి చెప్పుకోదగ్గ ఆదా కూడా కనిపించలేదు. కాబట్టి ఈ విధానం నేరస్థులను మార్చేస్తుందని చెప్పడం అతిశయోక్తే అవుతుంది. సమాజానికి ముప్పు పెంచకుండా ఉపాధిని కాపాడుతుందని చెబితే సరిపోతుంది. అదే తక్కువేమీ కాదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. పని మానేస్తే తిరిగి నాలుగు గోడల మధ్యకు వెళ్లాల్సిన మనిషి యజమానితో జీతం గురించి గట్టిగా మాట్లాడగలడా? అలబామా రాష్ట్రంలో ఈ ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. అక్కడ ప్రైవేటు సంస్థల్లో పనిచేసే ఖైదీల జీతంలో 40 శాతాన్ని జైళ్ల శాఖ మినహాయించుకుంటుంది. రవాణాకు, బట్టలు ఉతికినందుకు వసూళ్లు వేరే. ఇది వెట్టిచాకిరీతో సమానమంటూ ఖైదీలు, కార్మిక సంఘాలు కలిసి 2023 డిసెంబరులో ఫెడరల్ కోర్టులో దావా వేశారు. ఉద్యోగం నిలబెట్టే ఏర్పాటుకూ, చవక కూలీలను సరఫరా చేసే ఏర్పాటుకూ నడుమ ఉన్న గీత ఎంత సన్ననిదో ఈ కేసు చూపుతుంది.

హ్యూబర్‌కు పుట్టినిల్లయిన విస్కాన్సిన్‌లోనూ కొంతకాలంగా పరిస్థితి మారుతోంది. 2020లో కరోనా వచ్చాక ఖైదీల రాకపోకల వల్ల వ్యాధి వ్యాపిస్తుందని పలు కౌంటీలు ఈ సదుపాయాన్ని ఆపాయి. కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ కట్టి, రాత్రిపూట కూడా ఇంట్లోనే ఉండనిచ్చే పద్ధతి ఆ స్థానంలో విస్తరించింది.

సాంగానేర్ కథ

మన దేశంలో ఈ కోవలో చెప్పుకోవాల్సింది జైపూర్ శివారులోని సాంగానేర్ శిబిరం గురించే. ఉత్తరప్రదేశ్‌లో మంత్రిగా, ముఖ్యమంత్రిగా పనిచేసిన డాక్టర్ సంపూర్ణానంద్ 1950వ దశకంలో ఖైదీలను గోడలు లేని శిబిరాల్లో ఉంచి, వారణాసి ప్రాంతంలో చంద్రప్రభ నదిపై ఆనకట్ట పనుల్లో కూలికి వినియోగించే ప్రయోగాన్ని ప్రోత్సహించారు. ఆయన 1962లో రాజస్థాన్ గవర్నరయ్యారు. మరుసటి ఏడాదే సాంగానేర్ శిబిరం ప్రారంభమైంది. నేటికీ అది ఆయన పేరుతోనే ఉంది.

అక్కడ ఎత్తయిన గోడలు లేవు, బ్యారక్‌లు లేవు. ఖైదీలు చిన్న చిన్న ఇళ్లలో భార్యాబిడ్డలతో కాపురం ఉంటారు. జైలు భోజనం పెట్టదు. ఎవరి పొట్ట వారే పోషించుకోవాలి, కరెంటు బిల్లు కూడా వారే కట్టుకోవాలి. ఉదయం హాజరు పలికాక పనికి బయలుదేరతారు. కర్మాగారాల్లో కూలీలుగా, వాచ్‌మన్లుగా, డ్రైవర్లుగా, దర్జీలుగా కుదురుకున్నవారున్నారు. సాయంత్రం హాజరు వేళకు తిరిగి రావాలి. చిన్నచిన్న తగవులు, పారిశుద్ధ్యం, హాజరు వంటివి ఖైదీలే ఎన్నుకునే బందీ పంచాయతీ చూసుకుంటుంది. పోలీసు పహారా పేరుకే.

ఇంతకీ వీరంతా చిల్లర దొంగలు కారు. ఎక్కువ మంది హత్య కేసుల్లో యావజ్జీవ శిక్ష పడినవారు. రాజస్థాన్‌లో 1972లో చేసిన నిబంధనల ప్రకారం శిక్షలో మూడో వంతు సాధారణ జైలులో గడిపి, సత్ప్రవర్తన కనబరిచిన వారినే ఇక్కడికి పంపుతారు. కొన్ని రకాల నేరాలు చేసినవారు అనర్హులు. మొదట్లో పని దొరకడం కష్టమే. ఖైదీ అని తెలిస్తే ఇంటి గుమ్మం దాకా రానివ్వనివారే ఎక్కువ. ఒకరు కుదురుకున్నాక వారి ద్వారా మరొకరికి పని దొరుకుతుంది.

రాజస్థాన్ న్యాయసేవాధికార సంస్థ కోసం స్మితా చక్రవర్తి 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం జైపూర్ కేంద్ర కారాగారంలో ఒక ఖైదీపై అయ్యే ఖర్చుతో పోలిస్తే సాంగానేర్‌లో అయ్యేది దాదాపు 14 రెట్లు తక్కువ. కేంద్ర కారాగారంలో ఆరుగురు ఖైదీలకు ఒక ఉద్యోగి అవసరమైతే ఇక్కడ 80 మందికి ఒక్కరు చాలు. ఇంత చవకగా నడుస్తున్నా ఆ శిబిరానికి స్థిమితం లేదు. నగరం పెరిగి, భూమి విలువ పెరగడంతో అక్కడి స్థలంలో ఆసుపత్రి కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆరుబయలు శిబిరాల విస్తీర్ణాన్ని తగ్గించే ప్రయత్నం చేయరాదని 2024 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

తెలుగునాట పొలం పనే

ఆరుబయలు జైళ్ల విషయంలో తెలుగు రాష్ట్రాలు వెనుకబడి ఉన్నాయనడానికి లేదు. అనంతపురం సమీపంలోని రెడ్డిపల్లి ఆరుబయలు జైలు 1965 నుంచి ఉంది. వెయ్యి ఎకరాలకు పైగా భూమి దాని ఆధీనంలో ఉంది. హైదరాబాద్ శివారు చర్లపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం నడుస్తోంది. పంట సాగు, కూరగాయలు, పాడి, తోటల పెంపకం ఖైదీల చేతుల మీదుగానే సాగుతాయి. ఇవి కాక రెండు రాష్ట్రాల జైళ్ల శాఖలు నడుపుతున్న పెట్రోలు బంకుల్లో ఖైదీలు పనిచేయడం వాహనదారులకు తెలిసిన దృశ్యమే.

అయితే ఇక్కడ యజమాని జైళ్ల శాఖే. పని శాఖ చూపిస్తుంది, కూలి శాఖ నిర్ణయిస్తుంది. పట్టణంలో తనకున్న మెకానిక్ షెడ్డుకో, బట్టల కొట్టులో గుమాస్తా పనికో పొద్దున వెళ్లి సాయంత్రం రావడం కుదరదు. కుటుంబం కూడా వెంట ఉండదు. గోడలు తొలగినా బయటి ఉపాధితో బంధం మాత్రం తెగిపోయే ఉంటుంది. సాంగానేర్‌కూ రెడ్డిపల్లికీ తేడా ఇదే.

ఖైదీ ఏ పని చేస్తున్నాడన్నది కూడా ముఖ్యమేనని సుప్రీంకోర్టు చెప్పిన ప్రసిద్ధ తీర్పు ఒకటి ఆంధ్రప్రదేశ్ కేసులోనే వచ్చింది. ఉద్యోగాలిప్పిస్తామని నమ్మించి డబ్బు కాజేసిన కేసులో శిక్ష పడిన ఒక చదువుకున్న యువకుడి అప్పీలును 1977లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ విచారించారు. శిక్షను 18 నెలలకు తగ్గించి, విసుగు పుట్టించే యాంత్రికమైన చాకిరీ కాక బుద్ధికి పనికల్పించే పని అప్పగించాలని, పెరోల్‌పై ఇంటికి పంపాలని ఆదేశించారు. ఖైదీల శ్రమకు తగిన వేతనం ఇవ్వాలని, అందులో కొంత బాధితుల పరిహారానికి మళ్లించాలని 1998లో గుజరాత్ కేసులో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. ఆరుబయలు జైళ్లను విస్తరించాలని 1996లో, 2018లో కూడా రాష్ట్రాలకు సూచించింది. నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని 1,330 జైళ్లలో ఆరుబయలువి 91 మాత్రమే. వాటిలోనూ పెద్ద వాటా రాజస్థాన్‌దే.

చిన్న శిక్షకే పెద్ద నష్టం

ఇక్కడే ఒక విచిత్రం కనిపిస్తుంది. అమెరికాలో ఈ సదుపాయం చిన్న శిక్షల వారితో మొదలైంది. మన దగ్గర పెద్ద శిక్షల వారికే పరిమితమైంది. ఆరుబయలు జైలుకు అర్హత రావాలంటే ముందు కొన్నేళ్లు మూసిన జైలులో గడపాలి. అప్పటికి పాత ఉద్యోగం ఊసే ఉండదు. పది రోజులో, నెల రోజులో శిక్ష పడినవాడికి, అంటే నిలుపుకోవడానికి ఉద్యోగం ఇంకా మిగిలి ఉన్నవాడికి ఏ ఏర్పాటూ లేదు. హత్య కేసులో శిక్ష పడిన వ్యక్తి కొన్నేళ్ల తర్వాత సాంగానేర్ నుంచి రోజూ పనికి వెళ్లిరాగలడు. తాగి బండి నడిపిన వ్యక్తికి పది రోజుల శిక్షలో ఆ వీలు లేదు. శిక్షను రాత్రులకో, శని ఆదివారాలకో విడగొట్టి అమలు చేసే అధికారం మన చట్టంలో న్యాయమూర్తికి లేదు.

విచారణ ఖైదీల సంగతి మరీ దయనీయం. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా వారిలో 4,34,302 మంది, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు నేరం రుజువు కానివారే. ఆరుబయలు జైలుకు శిక్ష పడినవారే అర్హులు కాబట్టి వీరికి ఆ దారీ మూసుకుపోయినట్లే. బెయిలు వచ్చేలోపు ఉపాధి పోతుంది. తర్వాత నిర్దోషిగా తేలినా పోయిన ఉద్యోగాన్ని కోర్టు తెచ్చి ఇవ్వదు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ విషయంలో ఒక చిన్న కిటికీ తెరిచింది. తొలిసారి చేసిన, ఐదు వేల రూపాయల లోపు విలువగల దొంగతనంలో సొత్తు తిరిగి ఇచ్చేస్తే, తాగి బహిరంగంగా అల్లరి చేస్తే, పరువునష్టం కలిగిస్తే, ఇలాంటి ఆరు రకాల నేరాలకు జైలుకు బదులు సమాజసేవను శిక్షగా విధించవచ్చు. ఆ సేవకు కూలి ఉండదు గానీ ఉద్యోగం ఉంటుంది. అయితే తాగి వాహనం నడపడం మోటారు వాహనాల చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం తొలిసారికి ఆరు నెలల వరకు జైలు లేదా పది వేల రూపాయల జరిమానా లేదా రెండూ. సమాజసేవ ప్రస్తావన అందులో లేదు. కిటికీ తెరిచింది ఒక గదిలో, ఉక్కపోత ఉన్నది మరో గదిలో.

జైళ్లు రాష్ట్ర జాబితాలోని అంశం. కేంద్ర హోంశాఖ 2023లో రూపొందించిన నమూనా కారాగార చట్టంలో ఆరుబయలు జైళ్లకు, సెలవుపై వెళ్లే ఖైదీలపై ఎలక్ట్రానిక్ నిఘాకు చోటు ఉన్నా, అది నమూనా మాత్రమే. చిన్న శిక్షల వారికి పగటి ఉపాధి అనుమతి ఇవ్వాలంటే రాష్ట్ర ప్రభుత్వాలే చొరవ చూపాలి. శిక్షను విడగొట్టే అధికారం కోర్టులకు కావాలంటే శిక్షాస్మృతినే సవరించాలి.

అంతవరకు కక్షిదారులకు ఉన్న దారులు రెండు. మూడేళ్లకు మించని శిక్ష పడి, అప్పటికే బెయిలుపై ఉన్న వ్యక్తి అప్పీలు చేసుకుంటానంటే, శిక్ష విధించిన కోర్టే తాత్కాలికంగా దాన్ని నిలిపి బెయిలు ఇవ్వవచ్చు. రెండోది 1958 నాటి ప్రొబేషన్ చట్టం. జైలుకు పంపకుండా సత్ప్రవర్తన పూచీకత్తుపై, అవసరమైతే ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో విడిచిపెట్టే వీలును ఆ చట్టం కల్పించింది. నేరం రుజువైందన్న మచ్చ మాత్రం పోదు కాబట్టి ప్రభుత్వోద్యోగులపై శాఖాపరమైన చర్యకు ఇది అడ్డు కాదు. ప్రొబేషన్ కోరాల్సింది దోషిగా నిర్ధారించిన తర్వాత, శిక్ష ఖరారు చేయడానికి ముందు. న్యాయమూర్తి ‘శిక్షపై ఏమైనా చెప్పుకుంటావా’ అని అడిగే ఆ కొద్ది నిమిషాల్లోనే కుటుంబ పరిస్థితి, ఉద్యోగ వివరాలు, తొలి నేరమన్న విషయం న్యాయవాది ద్వారా కోర్టు ముందుంచాలి. ప్రొబేషన్ ఇవ్వదగిన కేసులో ఇవ్వకపోతే అందుకు ప్రత్యేక కారణాలను కోర్టు తన తీర్పులో నమోదు చేయాల్సి ఉంటుంది.